ఫైల్ ఫొటో

ఆ పడవని కాల్చింది కిరసనాయిలు స్టవ్వు.
నాకు తెలుసు, ఫొటో తీసింది నేనే.
రెండేళ్ళ కిందట, కార్తీకం చలిలో, భావనపాడు ఒడ్డున
టీ పెట్టుకుందామని మైలపల్లి ఎర్రన్న అగ్గిపుల్ల గీశాడు.
మిగతాది గాలి చూసుకుంది.
జిల్లా పేజీలో, అడుగున, సింగిల్ కాలమ్.
ఎర్రన్న ఇంటిపేరు తప్పు పడింది.
మూడు నెలలు ఆగాక నాకు అరవై రూపాయలు ముట్టాయి.

నిన్న రాత్రి టెక్కలిలో, ఇడ్లీ కొట్టు టీవీలో
మళ్ళీ మండింది.
కింద ఎర్రపట్టీ పరుగు,
మీద సైరన్, అది స్టూడియోలో పుట్టిందే.
‘శత్రువు రేవు బుగ్గి’ అని అరుస్తున్నాడు టై కట్టుకున్నాయన
నా పడవ ముందు నిలబడి.
నంబరు చెరిపేశారు.
పక్కనున్న కొబ్బరిచెట్టుని నరికేశారు.
కానీ ఎడంపక్క, నీటిగీతకి జానెడు పైన,
పామాయిల్ డబ్బా చితక్కొట్టి ఎర్రన్న వేసిన మాటు,
దాన్ని చెరపాలని ఎవరికీ తోచలేదు.
దానిమీద సగం తాటిచెట్టు బొమ్మ
ఇంకా పచ్చగానే ఉంది.

కొట్టంతా చప్పట్లు.
అడక్కుండానే రెండోసారి చట్నీ.
“అది మన భావనపాడు పడవండి” అన్నాను.
ఒకడు తినడం ఆపి నావైపు చూశాడు.
ఆ చూపులో నేను
అప్పటికే సరిహద్దు దాటేశాను.

అర్ధరాత్రి దాటాక ఫోను వెలిగింది.
అవతలి దేశం లిపి. చదవలేను.
బొమ్మ చదవగలను.
అదే పడవ, అదే పొగ, అదే మాటు.
తెలిసిన కుర్రాడు అర్థం చెప్పాడు:
అది మన రేవేనట, కాల్చింది వాళ్ళ క్షిపణట.
నవ్వొచ్చింది.
ఊరు సరిగ్గా చెప్పింది వాళ్ళే,
స్టవ్వు దగ్గరే తప్పారు.

తెల్లారింది. నౌపడా నుంచి ఐసు బండి రాలేదు.
సముద్రంలో మందుపాతరలని, చేపలో విషమని
ఎవరో ఎవరికో పంపారు, వాళ్ళు అందరికీ పంపారు.
ఇసక మీద కవ్వలు వెండి పోసినట్టున్నాయి.
పదింటికి వెండి కళ్ళు తెల్లబడ్డాయి.
పన్నెండుకి కాకులే తీరిగ్గా ఏరుకుంటున్నాయి.
ఇంత పెద్ద దాడికి చప్పుడు లేదు.
గొయ్యి లేదు.
ఎవరూ సైరన్ వెయ్యలేదు.

డెస్కుకి ఫోన్ చేశాను, సవరణ రాస్తానని.
అటునుంచి కీబోర్డు టకటక, దాని మధ్యలో ఒక గొంతు:
“అవన్నీ తర్వాత.
కాలినవి ఇంకేమైనా ఉన్నాయా నీ దగ్గర?”

ఉన్నాయి.
పలాసలో జీడి బట్టీ,
సంతబొమ్మాళిలో గడ్డివాము,
తుఫానుకి కప్పు లేచిపోయిన బడి.
ఇరవయ్యేళ్ళ జిల్లా నా పెన్‌డ్రైవులో ఉంది,
చిన్న యుద్ధానికి సరిపోతుంది.
లేవు అనడానికి నాకు ఒక క్షణం పట్టింది.
ఆ క్షణానికి ఎంత వెల కట్టుకున్నానో
ఇప్పటికీ లెక్క తేలలేదు.

మధ్యాహ్నం ఒడ్డుకి వెళ్ళాను.
పడవ బోర్లా పడుంది, దాని నీడలో కోడి పొదుగుతోంది.
ఎర్రన్న గుజరాతులో, సేటు బోటు మీద,
నీళ్ళలో కనపడని గీత పక్కనెక్కడో వల వేస్తున్నాడు.
మూడు రోజులై ఫోను లేదు.

“మా గుంటడు సూపించినాడు బావూ” అంది దాసమ్మ.
“ఒక్కపాలి కాలినాది. ఎన్నిపాల్లు కాలుత్తారు?
ఆయన సూత్తే ఏటనుకుంటాడు?
మన రేవే నేదనుకోడా?”

నిజం ఇదీ అని చూపిద్దామని కెమెరా ఎత్తాను.
చట్రంలో మాటు, సగం తాటిచెట్టు,
పక్కన ఉప్పుకి పగిలిన ఆమె చెయ్యి.
దాసమ్మ కొంగు లాగి
మాటు మీద కప్పింది,
పరాయివాళ్ళు వచ్చినప్పుడు
చంటిబిడ్డ మొహం కప్పినట్టు.

“వొద్దు బావూ.
మల్లీ కాల్సెత్తారు.”